మా సార్ కరిచిన రోజులు

అమీర్‌పేటలో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై నాలుగేళ్ల వయసు, మెడలో వేలాడే గుర్తింపు కార్డు, బల్లకి అవతల రోజంతా వచ్చి కూర్చునే నిరుద్యోగులు. ఇవన్నీ కలిసొచ్చాక మనిషికి తెలియనిదంటూ ఏం మిగులుతుంది చెప్పండి. మైత్రీవనం పక్క సందులో ఒక కోచింగ్ సెంటర్లో నేను కౌన్సెలర్ని. కౌన్సెలరంటే మనసుల గురించి చదువుకున్నామె కాబోలు అనుకునేరు, నేను చదివింది బీకాం. (అదీ తణుకులో, అదీ మా నాన్న మాట కాదనలేక.) మా డైరెక్టర్ మొదటి రోజే నాకు వృత్తి రహస్యం ఉపదేశించాడు. "చూడమ్మా, వచ్చి కూర్చున్న ఐదు నిమిషాల్లో వాళ్ల ప్రాబ్లం ఏంటో వాళ్లకంటే ముందు నువ్వే చెప్పాలి. వాళ్లు చెప్పేదాకా ఆగావనుకో, లేచి పక్క బిల్డింగులోకి పోతారు." దానికోసం మాకొక ఎంక్వైరీ ఫారం ఉండేది. అందులో మూడు గడులు: గమనించినది, కారణం, పరిష్కారం. కుర్రాడు తల దించుకుని కూర్చుంటే రెండో గడిలో 'ఆత్మవిశ్వాసం లేదు' అని రాసేదాన్ని. తలెత్తి కూర్చుంటే 'ఆత్మవిశ్వాసం ఎక్కువ' అని రాసేదాన్ని. మూడో గడిలో రాయాల్సింది ఎప్పుడూ ఒకటే, ఆ నెల మా దగ్గర సీట్లు నిండని కోర్సు. ఆరు నెలలు తిరిగేసరికి నా చెయ్యి ఎంత తిరిగిందంటే, మనిషి కుర్చీ ముందుకి లాక్కుంటూ ఉండగానే నా రెండో గడి పూర్తయిపోయేది.

అంతటి జ్ఞానిని కదా, ఆ ఏడాది బోనాల రోజుల్లో, బల్కంపేట వైపు రోడ్డంతా జనంతో నిండి ఉండగా, వర్షానికి తడిసి మా సెంటరు కింద జిరాక్స్ మెషిన్ వెనక దూరిన ఒక పిల్లి కూనని చున్నీలో చుట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. ఇల్లంటే మా పెద్దమ్మ ఇల్లు. నిజానికి ఆవిడ మా ఇంటి ఓనరు. కింద ఆవిడ, పైన రెండు గదుల్లో నేను. నన్ను బిడ్డా అనేది కాబట్టి నేను పెద్దమ్మా అనేదాన్ని. వాళ్ల మామగారి కాలంలో ఆ సందంతా వాళ్ల కూరగాయల మళ్లేనట, ఇప్పుడు మిగిలింది ఆ ఇల్లూ, మెట్ల పక్కన ఒక కరివేపాకు చెట్టూ. పెద్దమ్మ చున్నీ విప్పి చూసి "పిల్లినా? ఎలకలు వడుతదా?" అంది. "పడుతుంది పెద్దమ్మా" అన్నాను, దాని తరఫున. "అయితె ఉండనీ" అంది. (ఎలకలు పడతానన్న మాట నేటివరకూ నిలబెట్టుకోలేదు. ఎలక ఎదురైతే పక్కకి తప్పుకుని దారిచ్చే రకం అది.)

మొదటి సాయంత్రమే ఆ కూన నా ల్యాప్‌టాప్ మీదకెక్కి కూర్చుని, హోంవర్కు చెయ్యని విద్యార్థిని చూసినట్టు నన్నొక చూపు చూసింది. మా సెంటర్లో జావా చెప్పే ఆయన చూపు అచ్చం అదే. అందుకని దానికి 'సార్' అని పేరు పెట్టాను. ఆ పేరు పెట్టాక ఇంక 'అది', 'వాడు' అనే మాటలు నోటికి రాలేదు. సార్ పాలు తాగారు, సార్ పడుకున్నారు, సార్ కర్టెన్ చింపారు. వచ్చిన ఇరవై ఒకటో రోజున బారసాల కూడా చేశాను. ఏసీ వచ్చిన అట్టపెట్టెలో ఒక పాత చీర పరిచి ఊయలగా కట్టి, నాలుక మీద పంచదార నీళ్లు రాసి, చెవిలో మూడుసార్లు పేరు చెప్పాను. పెద్దమ్మ నవ్వి నవ్వి కళ్లనీళ్లు తుడుచుకుంటూ "నీకు జల్ది లగ్గం జేసుడే మంచిది బిడ్డా" అంది.

చలికాలం దాకా సార్‌తో నాకే ఇబ్బందీ లేదు. రాత్రి నా కాళ్ల దగ్గర పడుకునేవారు, పొద్దున్నే పెద్దమ్మ వంటింట్లో పెరుగు తిని వచ్చేవారు. ఫిబ్రవరిలో ఒక రోజు ఆఫీసు నుంచి రాగానే అలవాటుగా ఎత్తుకున్నాను. మణికట్టు మీద కరిచారు. ఆటలో పన్ను తగిలిందేమో అనుకున్నాను. మర్నాడు ఎత్తుకుంటే మళ్లీ కరిచారు, ఈసారి రక్తం వచ్చింది. వెళ్లి రేబిస్ సూదులు మొదలుపెట్టుకున్నాను. వారం తిరిగేసరికి నేను పక్కన కూర్చుంటే ఊరుకునేవారు, తల మీద నిమిరితే ఊరుకునేవారు, వీపు మీదకి చెయ్యి పోతే మాత్రం చెవులు వెనక్కి పెట్టి ఒక వింత గొంతుతో గుర్రుమనేవారు. నడివేసవిలో మణికట్టు దాకా చేతులున్న చుడీదార్లు వేసుకుని ఆఫీసుకి వెళ్లాను. ఒంటి మీద గాట్లు చూసి ఎవరైనా అడిగితే "మా సార్ కరిచారు" అని చెప్పాల్సి వస్తుందని భయం.

నిజం చెప్పొద్దూ, నొప్పి కంటే అవమానమే ఎక్కువ బాధించింది. పాలు పోసి, చేపలో ముళ్లు తీసి పెట్టి, బారసాల చేసి పెంచితే నన్ను కరుస్తారా! "మీకేం తక్కువ చేశాను సార్?" అని మా అమ్మ నన్నడిగే గొంతుతోనే అడిగాను. సార్ గోడకేసి తిరిగి పడుకున్నారు. సరే, ఇది నా వృత్తి కదా అనుకుని ఒక ఆదివారం ఎంక్వైరీ ఫారం తీసుకుని ఎదురుగా కూర్చున్నాను. పేరు: సార్. అర్హతలు: లేవు. కింద మూడు గడులూ శ్రద్ధగా నింపాను. గమనించినది: ఎత్తుకోనివ్వడం లేదు. కారణం: అహంకారం. గమనించినది: బీరువా మీదకి గెంతడం మానేశారు. కారణం: సోమరితనం. గమనించినది: రోజంతా ఒకేచోట నాక్కుంటున్నారు. కారణం: పరిశుభ్రత (మెచ్చుకోదగ్గది). గమనించినది: ఒంటరిగా మంచం కింద కూర్చుంటున్నారు. కారణం: నేను ఉద్యోగానికి పోతున్నానని అలక. పరిష్కారం గడిలో ఏ కోర్సూ రాయలేక 'క్రమశిక్షణ' అని రాసి, ఆ పూట నుంచి పెరుగు ఆపేశాను. (పెద్దమ్మ దొంగతనంగా పెట్టేదని తరవాత తెలిసింది.)

పెద్దమ్మది వేరే లెక్క. "దిష్టి తాకింది బిడ్డా. వచ్చినోళ్లు పోయినోళ్లు ముద్దుగున్నడు ముద్దుగున్నడు అనవట్టిరి. ఇంకేం ఉంటది?" అంటూ ఉప్పూ మిరపకాయలూ తిప్పి వేసింది. తగ్గలేదు. మంగళవారం బల్కంపేట ఎల్లమ్మ గుడికి పోయి పసుపు తాడు తెచ్చి, ఎండు రొయ్యలు తినిపిస్తూ సార్ మెడకి కట్టింది. తాళ్లు కట్టడంలో మా సందులో పెద్దమ్మకి పెద్ద పేరు. పిల్ల రాత్రుళ్లు ఉలిక్కిపడినా, పిల్లాడు అన్నం తినకపోయినా తల్లులు ఆవిడ దగ్గరికే తీసుకొచ్చేవారు. తాడు కట్టించుకున్న రెండు రోజులు సార్ ఎవర్నీ కరవలేదు. "సూసినవా?" అంది పెద్దమ్మ. రెండు రోజులూ ఆయన్ని ఎవరూ ముట్టుకోలేదన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

మూడో రోజు పొద్దున్నే పెద్దమ్మ మేడ మీద మిరపకాయలు ఎండబోసింది. వాటిని కలియబెడుతుంటే సార్ వెళ్లి చాప మధ్యలో కూర్చున్నారు. "ఏయ్ సారూ, లే, లేస్తవా లేదా" అంటూ ఆ మిరపకాయల చేతులతోనే నడుం కింద పట్టి ఎత్తింది. సార్ అరిచిన అరుపుకి నేను కింది నుంచి పరిగెత్తుకొచ్చాను. ఆవిడ బొటనవేలి మొదట్లో పళ్లు దిగిన గాట్లు ఉన్నాయి. పెద్దమ్మ చెయ్యి పట్టుకుని కూలబడింది, సార్ నీళ్ల ట్యాంకు వెనక్కి పోయి ఎన్నడూ వినని గొంతుతో ఏడుస్తున్నారు. ఇద్దరిలో ముందు ఎవర్ని చూడాలో నాకు తెలియలేదు.

ఆవిడని సూదికి తీసుకెళ్లాను. బొడ్డు చుట్టూ పద్నాలుగు పొడుస్తారని దారంతా వణికింది, భుజానికి ఒకటి వేసి పంపేసరికి కాస్త నిరాశపడినట్టు కూడా అనిపించింది. సాయంత్రం వాళ్లబ్బాయి వచ్చాడు. సందులో అందరికీ అన్న, హార్డ్‌వేర్ షాపు, మంచి మనిషి, తల్లికి చిన్న గీత పడితే ఓర్చుకోలేడు. నా మొహం చూడకుండా చెప్పాడు. "అక్కా, తప్పుగ అనుకోవద్దు. ఆదివారం దాంక సూస్త. గప్పటికి ఎవరికన్న ఇచ్చెయ్. లేకుంటె సంచిల ఏసుకొని పటాన్‌చెరు దిక్కు ఇడిచొస్త. అమ్మకు షుగర్ ఉంది." అతను అన్నదాంట్లో తప్పులేదు. కరిచే పిల్లిని ఎవరు తీసుకుంటారు? ఆ లారీల రోడ్డు మీద సంచి మూతి విప్పి వదిలేస్తే ల్యాప్‌టాప్ మీద తప్ప ఎక్కడా కూర్చోవడం రాని మనిషి ఏమవుతారు? (పిల్లి అని రాయాలని తెలుసు.) అది గురువారం. నేను పైకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను.

శనివారం సెలవు పెట్టి పంజగుట్టలో ఒక పశువుల డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరాను. ఇన్నాళ్లూ ఎందుకు వెళ్లలేదని మీరడగొచ్చు. ఒంట్లో బాగాలేకపోతే కదా డాక్టరు, ఆయన గుణమే బాగాలేదని నా ఫారంలో స్పష్టంగా రాసి ఉంది. సార్‌ని మూతున్న కూరగాయల బుట్టలో ఎక్కించడం నావల్ల కాలేదు. కట్టు కట్టిన చేత్తో పెద్దమ్మే రొయ్యలు చూపించి ఎక్కించి, మూతకి తాడు చుట్టి, తనూ వచ్చి ఆటోలో కూర్చుంది. "మీకెందుకు పెద్దమ్మా, మళ్లీ కరిస్తే?" అన్నాను. "కరిస్తె కరవనీ. సూదులు ఎట్లాగు నడుస్తున్నయ్ గదా" అంది. మెట్రో స్తంభాల కింద ట్రాఫిక్‌లో ఆటో ఆగినప్పుడల్లా బుట్టలోంచి గుర్రుమంటుంటే, పెద్దమ్మ మూత మీద చెయ్యి ఆనించి "ఫికర్ జెయ్యకు సారూ, జర ఆగు" అంటూనే ఉంది.

డాక్టరమ్మ ఏం జరుగుతోందని అడగ్గానే నేను గర్వంగా ఫారం తీసి ఇచ్చాను. ఆవిడ నిలబడే చదివింది. మొదటి గడి చదివింది, రెండో గడి చదివి ఒకసారి నావైపు చూసింది, మళ్లీ మొదటి గడికి వచ్చింది. మత్తు సూది వేసి, సార్ సోలిపోయాక పొట్ట మీద వేళ్లు పెట్టి మెల్లిగా నడుం చుట్టూ తడుముతూ ఒకచోట ఆగింది. మిషన్‌తో బొచ్చు గొరిగింది. కింద నల్లటి తాడు ఒకటి ఉంది. నడుం చుట్టూ బిగిసి, చర్మంలోకి దిగి, కొంతమేర పైన చర్మం కప్పేసి ఉంది. మిగతా చోట పచ్చిపుండు. పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అన్నీ ఎంత బాగా గమనించారండీ" అంది డాక్టరమ్మ, చేతిలో కత్తెరతో. "ఎత్తితే కరుస్తున్నాడు. గెంతడం మానేశాడు. ఒకేచోట నాక్కుంటున్నాడు. చీకట్లో దాక్కుంటున్నాడు. నొప్పి అని ఇంకెలా చెప్తాడు? ఎక్కడ అని మీరు ఒక్కసారి తడిమి చూడాల్సింది." తరవాత తలెత్తి మా ఇద్దర్నీ చూసింది. "ఈ తాడు ఎవరు కట్టారు?"

బారసాల గురించి చెప్పినప్పుడు నేను ఒక ముక్క వదిలేశాను. మీ దగ్గర దాచాలని కాదు, ఆ క్షణందాకా నాకే గుర్తులేదు. పేరు పెట్టడం అయ్యాక ముచ్చటపడి అమ్మకి ఫోన్ చేశాను. "మొలతాడు కట్టకుండా బారసాలేంటే?" అని అమ్మ వేళాకోళం చేసింది. ఫోన్ పెట్టేసి, నా కాలికి కట్టుకుందామని కొన్న నల్లతాడు ముక్క ఒకటి ఉంటే, దాన్ని సార్ బుజ్జి నడుముకి రెండు వేళ్ల సందు వదిలి కట్టాను. నెల తిరిగేసరికి బొచ్చు పెరిగి అది కనపడకుండా పోయింది, నేను మరిచిపోయాను. పసిపిల్లలకి కట్టిన మొలతాడుని తల్లులు నెలనెలా విప్పి వదులు చేస్తారు. కట్టడం చూశాను గానీ వదులు చెయ్యడం నేనెప్పుడూ గమనించలేదు. ఇదంతా ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చింది. చెబుదామని నోరు తెరిచాను, మాట రాలేదు.

"నేనే కట్టిన తల్లీ" అంది పెద్దమ్మ.

డాక్టరమ్మ సార్ మెడలోని పసుపు తాడు వైపు చూసింది, నమ్మింది. దాన్ని కూడా కత్తిరించి పారేస్తూ ఆవిడని మందలించింది. ఎంతసేపు మందలించిందో తెలియదు గానీ నాకు మాత్రం చాలాసేపు అనిపించింది. పెద్దమ్మ తల వంచుకుని "తప్పయింది తల్లీ, ఇగ కట్ట" అంటూ నిలబడింది. రాబోయే తిట్టు ఇంకొకరి మీద పడిందని ప్రాణం లేచి రావడం, అలా లేచి వచ్చినందుకు సిగ్గుతో చచ్చిపోవడం రెండూ ఒకేసారి జరుగుతాయని నాకు ఆ రోజే తెలిసింది. అయినా నోరు విప్పలేదు. మందులు తీసుకుని, బుట్ట పట్టుకుని, ఆవిడ వెనకాలే వచ్చేశాను.

ఆదివారం అన్న సంచీ లేకుండానే వచ్చాడు. గొరిగిన పొట్టతో, నడుం చుట్టూ కట్టుతో పడుకున్న సార్‌ని చూసి "అయ్యో, పాపం గదనే" అని, వెంటనే తల్లి మీద లేచాడు. "నీ తాళ్ల పిచ్చి తగలెయ్య! ఎన్నిసార్లు చెప్పిన నీకు?" ఆ మాట సందంతా పాకింది. పిల్లల్ని తీసుకొచ్చే తల్లులు రావడం తగ్గించారు. ఒకామె నవ్వుతూనే "మా వానికి గూడ గట్లనే బిగియగట్టినవా ఏంది పెద్దమ్మా" అనేసి పోయింది. మర్నాటి నుంచీ పెద్దమ్మ కొత్త పని పెట్టుకుంది. ఇల్లిల్లూ తిరిగి, తను తాడు కట్టిన ప్రతి పిల్లనీ పిల్లాడినీ దగ్గరికి పిలిచి, తాడు కింద వేలు దూర్చి చూసేది. దూరకపోతే విప్పి వదులు చేసేది. పైన కిటికీలోంచి నేను చూసేదాన్ని. రోజూ సాయంత్రం ఇద్దరం కలిసి సార్ పుండుకి మందు రాసేవాళ్లం. రోజూ చెబుదామనుకునేదాన్ని. అటు ఆఫీసులో ఫారం తీసి ఎదుటి కుర్రాడి గురించి 'నిజాయితీ లోపం' అని రాయబోయి పెన్ను పక్కన పెట్టేసిన రోజు కూడా ఉంది.

కట్టు విప్పేసిన సాయంత్రం, పెద్దమ్మ మెట్ల మీద కూర్చుని బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని, చాటలోకి చూస్తూ చెప్పాను. "పెద్దమ్మా, ఆ తాడు మీరు కట్టింది కాదు. నేను కట్టాను."

"ఎరుకనే" అంది, వడ్లగింజ తీసి పారేస్తూ.

"తెలుసా?"

"నేను కట్టింది మెడకు. గదిగూడ పచ్చది. అది నడుముకు, నల్లది. నాకేం కండ్లు కనవడయా బిడ్డా?"

"మరి అక్కడ అలా ఎందుకన్నారు?"

"గా డాక్టరమ్మ గట్ల ఉరిమి సూస్తుంటే నీ మొకంల నెత్తురు సుక్క లేదు. పైన ఒక్కదానివే ఉంటవ్. తిండి మానేసి ఏడ్సుకుంట కూసుంటవని అన్న. నాదేంది, ముసల్దాన్ని, నాలుగు తిట్లు వడ్డా నడుస్తది." చాట ఒకసారి చెరిగి కింద పెట్టింది. "గని నువ్వు చెప్తవా లేదా అని సూస్తనే ఉన్న. ఇర్వై దినాలు వట్టింది నీకు."

ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసింది. "ఇంకో మాట చెప్పాల్నా? నీ కోసం అన్న మాటనే గని, అన్నంక నాకే భయమైంది. ఎంతమంది పిల్లలకు కట్టిననో నాకే యాదికి లేదు. ఏ ఒక్కటన్న గిట్ల బిగిసుంటదేమో అని గా దినం నిద్ర వట్టలే. గందుకే ఇల్లిల్లు తిరిగిన. ఏడెనిమిది దొరికినయ్ తెలుసా, వేలు దూరనియి." తరవాత లేచి కొంగు దులుపుకుంది. "ఇగ లే. సారుకు మందు రాసే యాళ్లయింది. ఇయ్యాల నువ్వు వట్టుకో, నేను రాస్త. కరిస్తె నిన్నే కరవాలె." నేను భయం భయంగా రెండు చేతులూ నడుం కింద పెట్టి ఎత్తాను. సార్ ఒక్కసారి బిగుసుకుని, నా మొహంలోకి చూసి, కరవకుండా ఊరుకున్నారు. నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే పెద్దమ్మ "ఏడ్వకుండ ఉంటవని తిట్లు వడితె ఇప్పుడేడుస్తవా" అని విసుక్కుంది.

ఇప్పుడు నేనూ సార్ శ్రీనగర్ కాలనీలో ఉంటున్నాం. ఆయన బాగా లావయ్యారు, నడుం చుట్టూ బొచ్చు మొలవని సన్నటి గీత ఒకటి మిగిలింది. ఆ ఉద్యోగం ఎప్పుడో మానేశాను గానీ ఎవరైనా ఎదురుగా కూర్చుని కష్టం చెప్పుకోబోతే కారణం ఇప్పటికీ నాలుక చివరికి వచ్చేస్తుంది. మింగేసి, ఇంకా ఏమైందని అడగడం కొద్దికొద్దిగా అలవాటు చేసుకుంటున్నాను. నెలకోసారి పెద్దమ్మని చూడ్డానికి వెళ్తాను. వెళ్లినప్పుడల్లా "గా డాక్టరమ్మకు చెప్పినవా?" అని నవ్వుతూ అడుగుతుంది. చెప్పలేదు. ఆ క్లినిక్కులో సార్ కాగితం మీద ఆ తప్పు ఇంకా పెద్దమ్మదే. సార్ టీకాలకి వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను, ఎందుకని ఎవరైనా అడిగితే అక్కడ పార్కింగ్ బాగుంటుందని చెప్తాను. (నాకు బండి లేదు.) తిరుగు ప్రయాణంలో మెట్రోలో పంజగుట్ట దగ్గర దిగి ఇంటికి నడుస్తుంటే, ఆ రోజు నోరు పెగలక బుట్ట పట్టుకుని నిలబడిన ఇరవై నాలుగేళ్ల పిల్ల గుర్తొస్తుంది. ఎంత పిరికిదో పాపం అని నవ్వుకుంటాను. ముప్పై దాటిన ఈవిడ మాత్రం ఆ క్లినిక్కు దగ్గరికి రాగానే రోడ్డు దాటి అవతలి పక్కనుంచి నడుస్తుంది.